అప్పుడెప్పుడో పెట్టిన కరెంటు

ఏలూరు దగ్గరి పెదపాడు, వట్లూరు, కలపర్రు ఊళ్లలో రేడియేషన్ అనే మాట డాక్టరు చీటీ మీదే ఉంటుంది. జనం నోట అది ‘కరెంటు పెట్టడం’. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కో, ప్రోస్టేట్ క్యాన్సర్‌కో కరెంటు పెట్టాలని తెలియగానే, పలకరించడానికి వచ్చినవాళ్లు తలో మాట అని పోతారు.

“ఈ కరెంటే ఇంకో క్యాన్సర్ తెప్పిస్తుందంట” అనేది వాటిలో అన్నిటికన్నా భయపెట్టేది. చిక్కేమిటంటే, ఇందులో కొంత నిజముంది. గర్భసంచికీ, ప్రోస్టేట్‌కీ సరిగ్గా వెనకే పురీషనాళం, అంటే పెద్దపేగు చిట్టచివరి భాగం ఉంటుంది. ముందున్న గడ్డ మీదికి పంపే కిరణాలు కొంత దానికీ తగులుతాయి. దెబ్బతిన్న కణాల్లో కొన్ని చస్తాయి, చాలావరకు తేరుకుంటాయి. డీఎన్‌ఏ చెడినా బతికిపోయిన ఏ ఒకటో ఏళ్ల తర్వాత అదుపు తప్పవచ్చు.

అమెరికాలో 85,815 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల రికార్డులు తిరగేసిన నాన్సీ బాక్స్‌టర్ బృందం 2005లో ఈ సంగతి అచ్చువేసింది. ఆపరేషన్‌తో సరిపెట్టుకున్నవారికంటే రేడియేషన్ తీసుకున్నవారిలో పురీషనాళం క్యాన్సర్ సుమారు 1.7 రెట్లు ఎక్కువ. కిరణాలు తగలని పెద్దపేగు పైభాగంలో తేడా కనిపించలేదు. ‘రెట్లు’ అనగానే గుండె ఝల్లుమంటుంది గానీ, మనుషుల లెక్కలో చూస్తే ఇది చిన్నదే. 21 అధ్యయనాలను కలిపి 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ వేసిన విశ్లేషణలో, ప్రోస్టేట్‌కు రేడియేషన్ అయ్యాక పురీషనాళం క్యాన్సర్ వచ్చినవారు 0.3 నుంచి 1.2 శాతం. కరెంటు పెట్టకపోయినా వచ్చి ఉండేవి కూడా ఇందులోనే కలిసి ఉన్నాయి. ముదిరిన ముఖద్వారం క్యాన్సర్‌కైతే రేడియేషనే అసలు వైద్యం. ఎప్పుడో కొద్దిమందికి రాగల జబ్బుకు జడిసి, ఎదురుగా ఉన్నదాన్ని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

“మీద కరెంటు ఉంటుంది, పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు” అనేది చాలామటుకు ఉత్త మాట. బయటినుంచి పెట్టే కిరణాలు మిషన్ ఆగగానే ఆగిపోతాయి. లోపల పెట్టి తీసేసే పద్ధతిలోనూ కిరణాలిచ్చే గింజ పని కాగానే మిషన్‌లోకి వెనక్కి వెళ్లిపోతుంది.

“ఐదేళ్లు దాటాయి, గండం గడిచింది” అంటారు. మొదటి జబ్బు వరకు చాలామటుకు నిజమే. కానీ కిరణాల వల్ల వచ్చే రెండో క్యాన్సర్ మామూలుగా ఆ ఐదేళ్లు దాటాకే మొదలవుతుంది. ముఖద్వారం క్యాన్సర్‌ నుంచి బయటపడిన 1,04,760 మంది స్త్రీల వివరాలతో 2007లో వచ్చిన అధ్యయనం, రేడియేషన్ తీసుకున్నవారిలో రెండో క్యాన్సర్ల ముప్పు 40 ఏళ్ల తర్వాత కూడా ఎక్కువగానే ఉందని చెప్పింది. మన దగ్గర ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదలైందీ 2007లోనే. ఆ తొలి ఏళ్లలో కరెంటు పెట్టించుకుని బతికి బట్టకట్టినవారికి ఇప్పుడు 15 ఏళ్లు దాటాయి. సరిగ్గా పేగును కనిపెట్టుకుని ఉండాల్సిన కాలమిది. ఆనాటి వైద్యం ఫైలు మాత్రం బీరువా అడుగున ఉంటుంది.

అందుకే అసలు ప్రమాదం “రక్తం పడుతోందా, మొలలే అయ్యుంటాయి” అనే మాటలో ఉంది. దానికి తోడు “వేడి చేసింది, మజ్జిగ తాగు” అనే సలహా. నిజానికి రేడియేషన్ తర్వాత నెలలకో, ఏళ్లకో మలంలో రక్తం కనిపిస్తే, చాలాసార్లు కారణం క్యాన్సర్ కాదు. కిరణాల దెబ్బకు పురీషనాళం లోపలి పొర పలచబడి, చిన్న చిన్న రక్తనాళాలు చిట్లుతుంటాయి. దానికి వేరే వైద్యం ఉంది. కానీ ఇదా, మొలలా, క్యాన్సరా అన్నది గొట్టం వేసి చూస్తే తప్ప తేలదు. చూడకుండా మొలలనుకుని ఇంజెక్షన్ చేయించడం, కోయించడం మరీ చేటు; కిరణాలు తగిలిన చోట గాయం తేలిగ్గా మానదు. పరీక్షకు ముక్క తీసినా పుండు పడి, రంధ్రం దాకా పోవచ్చు. గొట్టం వేసే డాక్టరుకు ‘ఫలానా ఏడాది కరెంటు పెట్టారు’ అని ముందే తెలిస్తే, ముక్క తీయాలా, ఎక్కడ తీయాలి అన్నది ఆచితూచి చేస్తారు. ఆయన అడగకపోయినా రోగే చెప్పాలి.

కొత్త మిషన్లు వచ్చాయి కదా, పేగుకు ఏమీ కాదనే ధీమా ఇంకొకటి. ముఖద్వారం క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కరెంటు పెట్టిన 300 మందిపై టాటా మెమోరియల్ సెంటర్ వైద్యులు చేసిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. చెప్పుకోదగ్గ పేగు ఇబ్బందులు మూడేళ్లలో పాత పద్ధతిలో 42.4 శాతం, కొత్త పద్ధతిలో 21.1 శాతం. సగానికి తగ్గడం గొప్పే, సున్నా అయితే కాదు. పైగా ఇది ఇబ్బందుల లెక్క. క్యాన్సర్ లెక్క తేలడానికి మూడేళ్లు చాలవు.

రక్తం పడకపోయినా ఎప్పటికప్పుడు కొలనోస్కోపీ, అంటే గొట్టం వేసి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించాలా? పెద్దవాళ్లకు అందరికీ ఒకే గడువు లేదు; వయసు, ఇంట్లో పేగు క్యాన్సర్ చరిత్ర, పెట్టిన కరెంటు మోతాదు చూసి డాక్టరు చెబుతారు. చిన్నతనంలో పొట్టకు రేడియేషన్ పడినవారికి మాత్రం అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ లెక్క కట్టి ఇచ్చింది: 30వ ఏడు నుంచో, రేడియేషన్ అయిన ఐదేళ్ల నుంచో, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి, ఐదేళ్లకోసారి కొలనోస్కోపీ.