సూర్యుడి కంటే ముందే వెలుగు

బైబిలు మొదటి పుట శ్రద్ధగా చదివినవారికి ఒక సందేహం తప్పక వస్తుంది. వెలుగు మొదటి రోజే కలిగింది. సూర్యచంద్రులు మాత్రం నాలుగో రోజున గాని రాలేదు. మరి అంతవరకు పగలు ఎక్కడిది?

సైన్సు పాఠంలా చదివితే ఈ చిక్కు వీడదు. ఈ కథ ఎవరి మధ్య పుట్టిందో చూస్తే దారి దొరుకుతుంది. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి, యూదులను చెరపట్టుకుపోయింది. ఆదికాండం మొదటి అధ్యాయం ఆ చెరలోనో, ఆ తర్వాతో ఇప్పటి రూపానికి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. బబులోనువాళ్లకు సూర్యుడు షమాష్ అనే దేవుడు, చంద్రుడు సీన్ అనే దేవుడు. గెలిచినవాళ్ల దేవుళ్లు రోజూ నెత్తిమీద వెలుగుతుంటే, గుడి కూలి ఊరు పోయిన జనం ఎవరిని నమ్ముకోవాలి? అవి దేవుళ్లు కావు, దీపాలు అంటుంది ఈ కథ. వాటి పేర్లయినా ఎత్తదు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని ఊరుకుంటుంది. పగటినీ రాత్రినీ ఏలడం, కాలాలను తెలపడం వాటికి అప్పగించిన పని. వెలుగు వాటి సొత్తు కాదు. అది దేవుని మాటతో నేరుగా వచ్చింది. అప్పటికి దాన్ని అడిగిన మనిషి లేడు, సంపాదించుకున్న మనిషీ లేడు.

నన్ను ఇంకా ఎక్కువగా కదిలించేది చీకటి సంగతి. దేవుడు చీకటిని లేకుండా చేయలేదు. వెలుగు మంచిదని చూశాడు, రెంటినీ వేరుచేశాడు, చీకటికి కూడా రాత్రి అని తానే పేరు పెట్టాడు. కాబట్టి చీకటి ఆయనకు సరిజోడైన శత్రువు కాదు, ఆయన గీసిన హద్దులో ఉండేది. ఆ మొదటి అధ్యాయంలో ప్రతి దినమూ సాయంత్రంతో మొదలై ఉదయానికి చేరుతుంది. యూదుల సబ్బాతు నేటికీ శుక్రవారం పొద్దుగూకడంతోనే మొదలవుతుంది. కష్టంలో ఉన్న విశ్వాసితో ‘నీకు చీకటి ఉండకూడదు’ అని బోధించేవాళ్లు ఈ అధ్యాయాన్ని మళ్లీ చదవాలి.

క్రైస్తవులు ఈ వెలుగును క్రీస్తులో చూస్తారు. యోహాను సువార్త మొదలయ్యే తీరే ఆదికాండాన్ని గుర్తుచేస్తుంది. ఈస్టరు ముందు రాత్రి, పాస్కా జాగరణలో, కతోలిక గుడుల్లో కొత్త నిప్పుతో క్రొవ్వొత్తి వెలిగించాక సృష్టి కథనే మొదటి పఠనంగా చదువుతారు. మొదటి రోజు వెలుగంటే దేవదూతల సృష్టి కావచ్చని ప్రాచీన క్రైస్తవ పండితుడు అగస్టీను అన్నాడు. లోతైన ఆలోచనే గాని, మామూలు విశ్వాసి బతుక్కి అపొస్తలుడు పౌలు మాట ఎక్కువ దగ్గర అనిపిస్తుంది. చీకటిలో వెలుగును పుట్టించిన దేవుడే తమ గుండెల్లోనూ వెలిగాడని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో అంటాడు. దమస్కు దారిలో పట్టపగలు సూర్యుణ్ణి మించిన వెలుగు చూసి, మూడు రోజులు చూపు పోగొట్టుకున్నవాడి మాట అది. ఆ వెలుగు గురించి రాసిన వెంటనే, దాన్ని మోస్తున్న తాము మట్టి కుండలమంటాడు. ఆపైన తాము పడుతున్న బాధలన్నీ వరుసగా చెప్పుకొస్తాడు. వాటిని దాచవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు.