గీత దాటిన దుంగలు

ఉమ్మడి కడప జిల్లాకన్నా చిన్న దేశం గాంబియా. పశ్చిమ ఆఫ్రికాలో అదే పేరున్న నదికి ఇరువైపులా నాలుకలా సాగి ఉంటుంది. మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు అట్లాంటిక్ మహాసముద్రం. పొడవు 300 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు మాత్రం 50 దగ్గరే ఆగిపోతుంది. ఆ దేశపు అడవుల్లో రోజ్‌వుడ్ దాదాపుగా ఖాళీ అయి చాలా కాలమైంది. అయినా గత దశాబ్దంలో దాని రాజధాని బాంజుల్ రేవు నుంచి చైనాకు రోజ్‌వుడ్ దుంగలు కంటైనర్లకు కంటైనర్లు వెళ్లాయి. చెట్టు లేని దేశానికి ఇంత కలప ఎక్కడిది?

దక్షిణపు సరిహద్దు అవతల ఉన్న కాసమాన్స్‌ది. అది సెనెగల్‌లో భాగమే కానీ, మధ్యలో గాంబియా అడ్డుపడడంతో దేశ రాజధాని డకార్‌కు దూరంగా పడిపోయింది. 1982 నుంచి అక్కడ వేర్పాటువాద పోరాటం నడుస్తోంది. ఒకసారి రగులుతుంది, ఒకసారి చల్లారుతుంది. తిరుగుబాటుదారులు కూడా ఒక్కటిగా లేరు, వర్గాలుగా చీలిపోయారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, పొలాల్లో, అడవి దారుల్లో మందుపాతరలు మిగిలాయి.

యుద్ధం అడవికి ఎప్పుడూ చేటే అనుకుంటాం. అది సగం నిజం. మనుషులు అడుగు పెట్టడానికి భయపడే చోట కొంతకాలం చెట్టు బతికిపోతుంది. దుంగకు గిరాకీ వచ్చేదాకానే ఆ రక్షణ. వచ్చాక అదే భయం అటవీ సిబ్బందిని ఆపుతుంది తప్ప, తుపాకీ ఉన్నవాడితో లెక్క కుదుర్చుకున్న కలప వ్యాపారిని ఆపదు. కాసమాన్స్‌లో జరిగింది ఇదే. 2018 జనవరిలో జిగించోర్ పట్టణానికి దగ్గరలోని బయోట్ అడవిలో పదిమందికి పైగా మనుషుల్ని కాల్చి చంపారు. కలప వివాదమే కారణమన్న అనుమానం అప్పుడే వచ్చింది. 2022 జనవరిలో కలప రవాణాను అడ్డుకోబోయిన సెనెగల్ సైనికులకూ తిరుగుబాటుదారులకూ కాల్పులు జరిగాయి. కొందరు సైనికులు చనిపోయారు, కొందరు బందీలుగా చిక్కి తర్వాత విడుదలయ్యారు.

ఇంతకీ ఏమిటీ చెట్టు? టెరోకార్పస్ ఎరినేసియస్. మన శేషాచలం ఎర్రచందనం టెరోకార్పస్ శాంటలైనస్. అంటే ఇంటిపేరు ఒకటే. మన్యంలో దొరికే వేగిస కూడా ఈ కుటుంబమే. గాటు పెడితే ఎర్రటి బంక కారడం వీటి పోలిక. ఆఫ్రికా చెట్టు ఎండను తట్టుకుంటుంది. పొడి కాలంలో పశువులకు ఆకు మేత, బంక మందు, చేవ రంగు. బలాఫోన్ అనే వాయిద్యానికి మీటలు కూడా దీని చెక్కతోనే చేస్తారు. చిక్కుడు జాతి చెట్టు కావడంతో వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో నేలకు నత్రజని సమకూరుస్తుంది. పెరుగుదల మాత్రం మహా నెమ్మది. దుంగ చేవదేరాలంటే దశాబ్దాలు పడుతుంది.

గిరాకీ మూలం చైనాలోని సంప్రదాయ ఎర్రకలప సామాను. ఏ కలపను ఆ పేరుతో అమ్మవచ్చో 2000 సంవత్సరంలో అక్కడి ప్రభుత్వం ఒక ప్రమాణం ప్రకటించింది. 33 జాతుల జాబితా అది. మన ఎర్రచందనం ఉంది, ఈ ఆఫ్రికా చెట్టూ ఉంది. ఆగ్నేయాసియాలో, మడగాస్కర్‌లో మేలు రకాలు తరిగి, నిబంధనలు బిగిసేకొద్దీ కొనుగోలుదారులు పశ్చిమ ఆఫ్రికా వైపు తిరిగారు. ఎన్విరాన్‌మెంటల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ 2020లో వేసిన అంచనా ప్రకారం, 2012 జూన్ నుంచి 2020 ఏప్రిల్ వరకు సెనెగల్‌లో నరికి గాంబియాలోకి దాటించిన చెట్లు 16 లక్షలు.

దాటించడం పెద్ద విద్యేమీ కాదు. సరిహద్దు పొడవునా పల్లెలే, బళ్లబాటలే. అవతల నరికిన దుంగ బండి మీద గీత దాటి ఇవతలి డిపోలో పడితే దానికి కొత్త పుట్టుక, కొత్త కాగితం. 2019లో స్విట్జర్లాండ్‌లో దాఖలైన ఒక ఫిర్యాదు ఈ వ్యాపారాన్ని ‘దోపిడీ’గా పేర్కొంది. యుద్ధ సమయంలో ఇతరుల ఆస్తిని కాజేయడమనే యుద్ధ నేరం కింద అన్నమాట. అటవీ చట్టం ఉల్లంఘన అని సరిపెట్టుకోకుండా అలా పిలవడం నాకు సబబుగా తోచింది. అడవి చట్టం కింద దొరికేది ఎప్పుడూ బండివాడూ కూలీయే. శేషాచలం కేసుల్లో మనం చూస్తున్నదీ అదే కదా.

సరే, దుంగను చూసి దాని ఊరు చెప్పలేమా? టెరోకార్పస్ ప్రజాతి అని మాత్రం చెప్పవచ్చు. దుంగ కోసిన మొహాన్ని పదునైన బ్లేడుతో చెక్కి, తడిపి, పదింతలు పెద్దది చేసే భూతద్దంతో చూడాలి. విడివిడిగా నాళాల రంధ్రాలు, వాటిని కలుపుతూ అలల్లాంటి లేత చారలు కనిపిస్తాయి. పలక వైపు చెక్కితే అడ్డంగా సన్నని వరుస గీతలుంటాయి, కణాలు అంతస్తులుగా పేర్చుకున్నందువల్ల. ఈ ప్రజాతిలో కొన్నింటి చెక్క నానేసిన నీరు వెలుగులో నీలంగా మెరుస్తుంది. షుగరుకు మంచిదని మన దగ్గర అమ్మే వేగిస చెక్క గ్లాసులో నీళ్లు పోసి ఎండలో చూస్తే తెలుస్తుంది. షుగరు సంగతి డాక్టరును అడగాలి గానీ, మెరుపు మాత్రం నిజం. కచ్చితంగా ఏ జాతో తేలాలంటే డీఎన్ఏ ఉంది, చెక్కలోని రసాయనాలను క్షణాల్లో తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది.

చిక్కంతా ఊరు దగ్గరే. చెక్కలోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి ఆ చెట్టు తాగిన వాన నీటిని బట్టి ఉంటుంది. స్ట్రాన్షియం నిష్పత్తి నేలనూ రాతినీ బట్టి ఉంటుంది. వేల కిలోమీటర్ల ఎడమున్న రెండు దేశాల కలపను వీటితో విడదీయవచ్చు. గాంబియా, కాసమాన్స్‌లు ఒకే వాన తాగుతాయి, ఒకే తరహా నేల మీద ఉంటాయి. వలస పాలకులు మ్యాపు మీద గీసిన గీత ఐసోటోపులకు ఆనదు. అందుకే ఇక్కడ ప్రయోగశాల కన్నా లెక్కల పుస్తకం ఎక్కువ పనికొచ్చింది. చైనా కస్టమ్స్ దిగుమతి అంకెలను ఒక పక్క, గాంబియాలో మిగిలిన చెట్లను ఇంకో పక్క పెడితే చాలు.

అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం సైటీస్ ఈ చెట్టును 2017లో రెండో అనుబంధంలో చేర్చింది. పర్మిట్ తప్పనిసరి అయింది, పర్మిట్ దొరకడమూ మామూలైంది. 2022లో మూడు పనులు జరిగాయి. ఈ చెట్టు పెరిగే దేశాలన్నీ ఎగుమతి కోటా సున్నా చేసుకోవాలి, లేదా వాటితో ఆ వాణిజ్యాన్నే ఆపాలని సైటీస్ తేల్చింది. అదే ఏడు గాంబియా తన కలప ఎగుమతుల్ని నిషేధించింది. నవంబరులో పనామా సమావేశం ఆఫ్రికాలోని టెరోకార్పస్ జాతులన్నింటినీ రెండో అనుబంధంలోకి తెచ్చింది. ఇది కస్టమ్స్ అధికారికి ఊరట ఇచ్చే నిర్ణయం. ‘ఇది ఆ జాతి కాదండీ, దాని చెల్లెలు’ అనే వాదన ఇక చెల్లదు. భూతద్దంలో ప్రజాతి తెలిస్తే చాలు. కోటా అన్ని దేశాలకూ సున్నా అయినన్నాళ్లూ, దుంగ గీతకు ఏ వైపున పుట్టిందో నిరూపించాల్సిన పని కూడా లేదు. కోటాలు మళ్లీ తెరుచుకున్న రోజున పాత ప్రశ్న తిరిగి రేవులో దిగుతుంది.