నొసటినుండి నాసికకు

విజయవాడనుండి బందరునకు బోవు రాచబాట పామర్రు చెంత గుడివాడ బాటను గలిసికొనును. ఆ కూడలియందు బస్సుకై నిలుచున్న వారిలో ఈ బాట యెచట మొదలైనదో యోచించువారు అరుదు. 65వ జాతీయ రహదారి యనబడు దీనికి తుద మచిలీపట్నము. మొదలు పూనా నగరము. ఆ పూనా ప్రాంతముననే, పదునెనిమిదవ శతాబ్ది చివరి దశకమున, ఇటుకలు చేసి జీవించు కులమునకు జెందిన యొకడు ముక్కు గోల్పోయిన యొక ఎడ్లకాపరికి నొసటి చర్మముతో క్రొత్త ముక్కును నిర్మించెను. ముఖమున పుట్టిన క్యాన్సరును గోసి తీసినపిమ్మట, నేడు శస్త్రవైద్యులు ముక్కును మరల నిలుపుటకు ఆశ్రయించు మార్గములలో మిన్నయైనది, మెరుగులు దిద్దబడిన ఆ మార్గమే.

మనవారు రాచపుండని పిలుచు వ్యాధి చర్మమున పుట్టుట తెల్లజాతులయందు మిక్కుటము, మనయందు తక్కువ. మన మేనిలోని నలుపు సూర్యకిరణములకు గొడుగువంటిది. కాని తక్కువయనుట లేదనుట కాదు. జీవితమంతయు చేలో గడపిన రైతునకు తలపాగా నెత్తిని కాచునేగాని, ముక్కుకొనను, క్రింది పెదవిని, చెవి యంచును కాచజాలదు. పుట్టుకతోనే మేనిలో నలుపు లేనివారికిని, ఎన్నడో కాలిన మచ్చ మాటిమాటికి పుండగుచుండు వారికిని ముప్పు హెచ్చు. ఎండ తగిలిన చర్మము తన చెరుపును తాను సరిచేసికొనజాలని యొక వంశపారంపర్య వ్యాధి గలదు. మేనరికములు సాగు కుటుంబములందు అది ఎక్కువగా బయలుపడును. దానిపాలైన పిల్లలకు బాల్యముననే ముఖమున క్యాన్సరులు పుట్టును.

ఈ చర్మపు క్యాన్సరులలో ఒకటి దూరావయవములకు పాకుట చాల అరుదు. అయినను ఉన్నచోటనే యుండి, ఎలుక కొరికినట్లు చర్మమును, మృదులాస్థిని, తుదకు ఎముకను తినివేయును. 1827లో డబ్లిను నగరపు వైద్యుడు ఆర్థర్ జేకబ్ కనురెప్పలపై దీనిని గుర్తించి వర్ణించెను. మనవారియందు ఇది తరచు నల్లగా నుండుటచే పుట్టుమచ్చయని భ్రమింతురు. రెండవది వడిగా పెరుగును, మెడగ్రంథులకు ప్రాకగలదు. ఏదియైనను మొదట చిన్న పొక్కే. చెక్కు గట్టును, రాలును, నెత్తురు చిమ్మును, మరల చెక్కు గట్టును. నెల గడచినను మానని అట్టి పుండునకు పసరులు పూసి, అంగడిలో కొన్న మలాములు రాచి, యేండ్లు గడుపువారు మనలో కలరు. వైద్యుడు ముక్క తీసి పరీక్షకు పంపెదననగా, కత్తి తగిలినచో వ్యాధి పాకునని ఇంటివారు వారింతురు. ఆ పరీక్షవలన వ్యాధి పాకదు. పరీక్ష చేయింపక గడపిన కాలమున పాకును.

అయితే కత్తియనిన భయమునకు వెనుక మరియొక భయము గలదు. ముక్కు పోయిన ముఖముతో నలుగురిలో ఎట్లు తిరుగుదుననునది అది. దీనిని సౌందర్యవ్యామోహమని త్రోసిపుచ్చుట తగదు. క్రింది రెప్ప లేనిచో కన్ను మూతపడదు, నల్లగ్రుడ్డు ఎండి చూపు పోవును. పెదవి చాలనిచో త్రాగిన గంజి జారును, ప-బ-మలు పలుకవు. నాసాపుటము కూలినచో ఊపిరి అడ్డుపడును. పామర్రునకు చేరువనే కూచిపూడి యున్నది. కనుబొమ ఎత్తుటలో, చెక్కిలి అదరుటలో ఎంత యర్థమున్నదో అచటివారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. ఆ కనుబొమను ఎత్తు నాడి కణతచెంత చర్మమునకు మిక్కిలి దాపుగా సాగును. అచట పుండును తీయు వైద్యుని చేయి ఒక్కింత లోతు తప్పినచో ఆ బొమ మరల లేవదు.

ఇచట రెండు పనులు కలవు, వానిని కలగాపులగము చేయరాదు. మొదటిది వ్యాధిని సమూలముగా తీయుట, రెండవది గుంటను పూడ్చుట. పూడ్చుట కష్టమగునని తీయుటలో లోభము చూపిన వైద్యుడు రోగికి మేలు చేసినవాడు కాడు. కంటికి కనబడు హద్దునకు వెలుపల, చిన్నదియు హద్దు స్పష్టమైనదియునగు పుండునకు సుమారు 4 మిల్లీమీటర్లు, ప్రమాదకరమైన దానికి అంతకు మించి, మంచి చర్మమును గూడ తీయుదురు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ 1930ల యందు మరియొక పద్ధతి కనుగొనెను. పలుచని పొరను తీసి, దాని అడుగును అంచులను సూక్ష్మదర్శినితో పూర్తిగా పరీక్షించి, వ్యాధి మిగిలిన మూలను పటముపై గుర్తించి, ఆ మూలనే మరల కోయుట అందలి సారము. అది లభింపనిచోట పరీక్షాఫలితము వచ్చువరకు కొన్ని దినములు గాయమును కట్టుతో నుంచవలసి రావచ్చును. తెరచిన గాయముతో వేచియుండుట రోగికి దుస్సహమే; కాని అడుగున వ్యాధి మిగిలియుండగా పైన అందమైన చర్మము కప్పుటకంటె అది వేయిరెట్లు మేలు.

ఇక పూడ్చుట. కంటి లోమూల, కణత వంటి పల్లపు తావులలోని చిన్న గాయములను కట్టు కట్టి వదలినను అవియే ముచ్చటగా మానును. కొన్నిటిని ముడుతల వెంబడి రెండంచులు చేర్చి కుట్టినచో మచ్చ ముడుతలో దాగును. అంతకు మించిన గుంటలకు వేరొకచోటి చర్మము కావలెను. అందలి రెండు విధములను మన డెల్టా రైతు పుస్తకము చదువకయే గ్రహింపగలడు.

మొదటిది ఊడ్పువంటిది. నారుమడినుండి పెరికి నాటిన నారు మొదట వాలి, మడిలోని తడితో ప్రాణము నిలుపుకొని, క్రొత్త వేళ్లు దిగినపిమ్మట తిప్పుకొనును గదా. చెవి వెనుకనుండియో, మెడయెముక మీదినుండియో పూర్తిగా కోసి తెచ్చిన చర్మమును అట్లే గాయముపై పరచెదరు. తొలి రెండు దినములు అది గాయపు చెమ్మను పీల్చి బ్రదుకును, పిదప అడుగునుండి నెత్తురునాళములు దానిలోనికి ప్రాకును. ఈలోపల కదలినచో చచ్చును; కావుననే దానిపై దూదిముద్ద నుంచి గట్టిగా కట్టుదురు. మన మేనిచాయవారికి ఈ అతుకు కొంతకాలమునకు నల్లబడు స్వభావము గలది, అది దీని లోపము. వట్టి ఎముకపై, నెత్తురు లేనిచోట, ఇది నాటుకొననే నాటుకొనదు.

రెండవది మామిడి అంటువంటిది. నూజివీడు తోటలలో కొమ్మను తల్లిచెట్టునుండి కోయకయే, కుండలోని మొక్కకు చేర్చి కట్టి, రెండును ఏకమైన పిమ్మట తల్లినుండి వేరుచేయు పాతపద్ధతి గలదు. అటులనే చర్మమును ఒకవైపు కాడతో నుంచి, ఆ కాడలోని నెత్తురుతోనే అది బ్రదుకుచుండగా, గాయముపైకి త్రిప్పి కుట్టుదురు. చెక్కిలినుండి, రెండవ పెదవినుండి, నొసటినుండి ఇట్లు చర్మము వచ్చును. రంగును మందమును ఇరుగుపొరుగు చర్మము కనుక చక్కగా కలియును.

సుశ్రుతుడు తన సంహితయందు ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, ఆ కొలతతో చెక్కిలి చర్మమును లేపి, కాడ తెగకుండ ముక్కున అతికి, ఊపిరికై రెండు గొట్టములుంచి, పైన పతంగ యష్టిమధుకాది చూర్ణములు చల్లి, తెల్లని దూది కప్పి, నువ్వులనూనెతో తడుపుమని విధించెను. చెక్కిలినుండి నొసటికి ఈ విద్య ఎప్పుడు మారినదో గాని, పూనాలో జరిగినది నొసటి పద్ధతియే. మైసూరు యుద్ధమున ఆంగ్లసేనకు ఎడ్లు తోలిన కవస్జీ యనువాడు 1792లో టిప్పు సుల్తాను సేనకు చిక్కి ముక్కును ఒక చేతిని పోగొట్టుకొనెను. ఏడాదికి పైగా ముక్కు లేకయే యున్న వానికి ఆ ఇటుకల పనివాడు మైనముతో ముక్కు అచ్చు చేసి, దానిని చదును చేసి నొసటిపై పరచి, చుట్టును గీత గీసి, కనుబొమల నడుమ సన్నని కాడ విడిచి, చర్మమును లేపి క్రిందికి త్రిప్పెను. అతుకు నిలుచుటకు వాడినది కాచు; తాంబూలమున మనము వేసికొను కాచే. నాలుగు దినములైన పిదప నేతితో తడిపిన గుడ్డలు వేసి, సుమారు ఇరువదియైదవనాడు కాడను కోసెను. దీనిని ఇరువురు ఆంగ్లవైద్యులు కన్నులార చూచిరి. ఆ వృత్తాంతము 1794 అక్టోబరున లండనులోని జెంటిల్‌మన్స్ మాగజైనునందు ప్రకటింపబడగా, దానిని చదివిన కార్ప్యూ అను శస్త్రవైద్యుడు 1814లో అచట ఒక సైనికాధికారికి అట్లే చేసి, 1816లో గ్రంథము వెలువరించెను. కవస్జీ పేరు చరిత్రకెక్కినది గాని, ఆ పనివాని పేరు నమోదు చేయవలెనని ఎవ్వరికిని తోపలేదు. తలచినప్పుడెల్ల నా మనసు కలుక్కుమనును.

నేటి వైద్యుడు ఆ కాడలో కనుబొమ మొదటినుండి పైకి ప్రాకు ధమని యున్నదని యెరిగి, అది చెడకుండ చర్మమును లేపును. ముక్కునకు లోపల పలుచని పొర, నడుమ చెవినుండి తెచ్చిన మృదులాస్థి, పైన నొసటి చర్మము, ఇట్లు మూడంతరములుగా కట్టును. 1985లో బర్గెట్, మెనిక్ అను అమెరికను వైద్యులు ముక్కు ఒకే తలము కాదనియు, వెలుగునీడలచే హద్దులు గల చిన్నచిన్న భాగముల కూర్పనియు చూపి, ఒక భాగమున సగమునకు మించి పోయినచో మిగిలిన మంచి చర్మమును గూడ తీసి ఆ భాగమంతటిని క్రొత్తగా కప్పుమనిరి. అప్పుడు కుట్టుగీత నీడలో దాగును. మంచి చర్మమును తీయుమనుట వినుటకు విపరీతముగా తోచును. ఫలితము చూచినవాడు ఒప్పుకొనును.

పామర్రు మండలములోని నిమ్మకూరు నందమూరి తారక రామారావుగారి జన్మగ్రామము. వారి సతీమణి బసవతారకమ్మగారు 1985లో క్యాన్సరుచే గతించిరి. ఆమె పేర హైదరాబాదున స్థాపింపబడిన క్యాన్సరు ఆసుపత్రి 2000లో తలుపులు తెరచినది. పామర్రునుండి అచటికి పోవు బాటయు ఈ 65వ రహదారియే. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము, నేడు మన రాష్ట్రమున ఎన్టీఆర్ వైద్య సేవ యనబడునది, పేదలకు క్యాన్సరు శస్త్రచికిత్సల ఖర్చు భరించుచున్నది. కనుక డబ్బు లేదని పుండును దాచుకొనవలదు.

ఒక్క సంగతిని మాత్రము రోగికిని ఇంటివారికిని ముందే చెప్పియుంచవలెను. నొసటి కాడను కోయువరకు సుమారు మూడు వారములు కనుబొమనుండి ముక్కునకు ఒక చర్మపు వంతెన వ్రేలాడుచుండును. అద్దము చూచి ఏడ్చువారున్నారు. తాతా, ఇది అంటు కట్టిన కొమ్మ, వేరు పట్టగానే కోసెదరని మనుమడు చెప్పిన నాలుగు మాటలు ఆ దినములలో మందుకంటె ఎక్కువ పనిచేయును. ఆ కాలమున ముక్కుపై ఈగ వ్రాలినచో నొసటిపై వ్రాలినట్లు తోచును. ఏలయన ఆ చర్మపు నాడి ఇంకను నొసటిదే. కాడను కోసి, మిగిలిన తునుకను బొమచెంత సరిగా అమర్చిన పిదప ముక్కు కొన్ని నెలలు మొద్దుబారి యుండును. అటుపై చుట్టుప్రక్కల నాడులు మెల్లగా దానిలోనికి ప్రాకును. అప్పుడు, ఒకనాటి ఉదయమున, మొగము కడుగుకొనుచు, చన్నీరు తగిలినది తన ముక్కునకేయని అతడు గుర్తించును.