అతిథి ఎదుట వేషభాషలు

మన పల్లెల్లో ఇంటికి చుట్టం వస్తే కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిస్తారు. తరువాత మంచినీళ్ళిచ్చి, "భోంచేసి వెళ్ళండి" అంటారు. ఇంట్లో ఇది ఆచారం. హోటలులో ఇదే పనిని జీతానికి చేస్తే అది వృత్తి. వృత్తి అన్న తరువాత నియమాలుంటాయి. ఏ బట్టలు ధరించాలి, జుట్టు ఎలా ఉండాలి, ఎలా పలకరించాలి అన్నవన్నీ నేర్చుకోవలసినవే.

మాగ్డెబర్గ్‌లోని ఓటో ఫాన్ గేరికే విశ్వవిద్యాలయంలో చదవడానికి భారతదేశం నుండి విద్యార్థులు వస్తున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. చదువుతోపాటు హోటలులో పనికి కుదిరిన అమ్మాయికి ఒక సందేహం రావచ్చు: "గాజులు తీయమంటున్నారు. బొట్టు కూడా తీయాలా?" దీనికి జవాబు వెతికేముందు, అతిథి మర్యాదకు పేరుపొందిన కొన్ని దీవుల సంగతి తెలుసుకొందాం.

పాలినీషియా మర్యాదలు

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి, న్యూజీలాండ్, ఈస్టర్ దీవి అనే మూడుచోట్లను గీతలతో కలిపితే ఒక పెద్ద త్రిభుజం ఏర్పడుతుంది. ఈ ప్రాంతమే పాలినీషియా. సమోవా, టోంగా, తాహితి దీవులు ఇందులోనివే.

హవాయిలో అతిథిని "అలోహా" అని పలకరిస్తారు. ఈ మాటకు ప్రేమ అని కూడా అర్థం. దయ, ఐకమత్యం, సౌమ్యత, వినయం, ఓర్పు అనే ఐదు గుణాలు ఇందులో ఇమిడి ఉన్నాయని హవాయి రాష్ట్రం 1986లో చట్టంలోనే చేర్చింది. పూల బొమ్మల చొక్కా అక్కడి హోటళ్ళలో గౌరవమైన దుస్తు. మెడపట్టీ కట్టలేదని ఎవరూ తప్పుపట్టరు.

అక్కడ అతిథి మెడలో పూలదండ వేస్తారు. మన సభల్లో దండ వేయగానే తీసి బల్లమీద పెట్టడం వినయం. హవాయిలో ఇచ్చినవారి ఎదుటే దండ తీయడం అమర్యాద. సమోవాలో కూర్చున్న పెద్దల ముందునుండి వెళ్ళవలసివస్తే నడుము వంచి, "తులోవు" అని మన్నింపు కోరి వెళతారు.

సమోవాలో పురుషులు నడుము నుండి మోకాళ్ళ వరకు సంప్రదాయపు పచ్చబొట్టు పొడిపించుకొంటారు. దానిని "తతావు" అంటారు. పచ్చబొట్టుకు ఇంగ్లీషు, జర్మన్ భాషల్లో ఉన్న మాటలు పాలినీషియా నుండి వచ్చినవే. న్యూజీలాండ్‌లోని మావోరీలకు ముఖంమీది పచ్చబొట్టు వంశచరిత్రను తెలిపే గుర్తు. అయినా కనబడేచోట పచ్చబొట్టు ఉన్నవారిని ఎయిర్ న్యూజీలాండ్ విమాన సంస్థ అతిథుల ఎదుట పనిచేసే ఉద్యోగాల్లోకి చాలాకాలం తీసుకోలేదు. సొంత దేశపు ఆచారమే సొంత దేశంలో ఉద్యోగానికి అడ్డమైంది! విమర్శలు వచ్చిన తరువాత 2019 సెప్టెంబరులో ఆ సంస్థ నియమాన్ని మార్చుకొంది.

జర్మనీలో నియమాలు

జర్మనీలో 2001 నుండి అంటువ్యాధుల నివారణ చట్టం అమలులో ఉంది. హోటలు వంటగదిలో మొదటిసారి పనిలో చేరేవారు ఆరోగ్య కార్యాలయం ద్వారా శుభ్రతను గురించిన బోధన పొంది, ధ్రువపత్రం తెచ్చుకోవాలి. చేరేనాటికి ఆ పత్రం మూడు నెలలకు మించి పాతది కాకూడదు. విరేచనాలు, వాంతులు పట్టుకొన్నవారు, చేతిమీద చీము పట్టిన పుండు ఉన్నవారు ఆహారాన్ని ముట్టుకోరాదు. వంటగదిలో ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేయాలి. వాటికింద మురికి చేరుతుంది. జుట్టు ముడిచి కప్పుకోవాలి.

పలకరింపు పద్ధతి వేరు. మనం పెద్దల ముందు తల వంచుతాం. ఇక్కడ అతిథి ముఖంలోకి చూసి మాట్లాడాలి. చూపు తప్పిస్తే నిర్లక్ష్యమనుకొంటారు. పనికి చెప్పిన వేళకు రావడం కూడా మర్యాదలో భాగమే.

సందేహానికి సమాధానం

ఏ నియమాన్నైనా "ఎందుకు?" అని అడిగి చూడాలి. కారణం శుభ్రత అయితే వాదించకుండా పాటించాలి. అంటించుకొనే బొట్టు ఊడి కూరలో పడవచ్చు. తలలోని మల్లెపూలు రాలవచ్చు. కనుక వంటగదిలో అవి తగవు. తాహితి అమ్మాయి చెవిమీది పువ్వుకూ ఇదే న్యాయం. కారణం స్థానికమైన మర్యాద అయితే నేర్చుకోవాలి. కాని అతిథులకు స్వాగతం చెప్పే బల్లదగ్గర బొట్టువల్ల ఆహారానికి ప్రమాదం లేదు. అక్కడ కూడా తీయమంటే వినయంగా కారణం అడగవచ్చు. జాతి, మతం కారణంగా ఉద్యోగులపట్ల వివక్ష చూపరాదని జర్మనీలో 2006లో చట్టం వచ్చింది.

అతిథిని గౌరవించడానికి మనల్ని మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు. శుభ్రమైన చేతులు, చక్కని మాట, మన గుర్తులపట్ల గౌరవం కలిసి ఉండగలవు.

అభ్యాసం

1. పూలదండ విషయంలో మన ఆచారానికీ హవాయి ఆచారానికీ భేదమేమి?
2. వంటగదిలో గాజులు ఎందుకు తీయాలి?
3. మీ బడిలోని ఒక నియమాన్ని తీసుకొని, దానికి కారణం శుభ్రతో మర్యాదో ఆలోచించి ఐదు వాక్యాలు రాయండి.