బీటెక్ అయ్యాక నర్సింగా? ముందు వయసు లెక్క వేయండి

కొడిమ్యాల మండలం నాచుపల్లిలో 2007లో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యాక ఈ ప్రాంతానికి బీటెక్ ఇంటి దగ్గరి చదువైంది. 2022లో జగిత్యాలకు, ఆ మరుసటి ఏడాది సిరిసిల్లకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. ఒకవైపు పట్టా పట్టుకుని అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తున్నవాళ్లు, మరోవైపు మన పక్కనే పెద్దవవుతున్న ఆసుపత్రులు. 'మళ్లీ చదివి నర్సునైతే ఎట్లుంటుంది?' అనే ఆలోచన మీకూ వచ్చిందా? అయితే ఓ కాగితం, పెన్ను తీసుకోండి.

ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: 'నర్సువైతందుకా బీటెక్ చదివిచ్చింది?' రెండోది: 'మల్ల మూడేండ్లా బిడ్డా?' మొదటి మాటకు జవాబు సులువు. స్టాఫ్ నర్సు పోస్టు పేరు ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 6,956 మందికి ఒకేసారి నియామక పత్రాలిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు ప్రకటన వచ్చింది. మూలవేతనం రూ.36,750తో మొదలవుతుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు. రెండో మాటనే సీరియస్‌గా తీసుకోవాలి. ఎందుకంటే అది మీ వయసు గురించి, ఇంటి ఖర్చు గురించి అడిగిన ప్రశ్న.

బయాలజీ లేదు కదా!

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండి 45 శాతం మార్కులు రావాలి. మీరు ఎంపీసీ అయితే నేరుగా కుదరదు. బయాలజీ పాసై, ఈఏపీసెట్లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం పరీక్ష రాసి, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. చేరేలోపే ఒక ఏడాది పోతుంది.

రెండో దారి జీఎన్ఎం. మూడేళ్ల డిప్లొమా. సైన్స్ వాళ్లకు ప్రాధాన్యమున్నా, వేరే గ్రూపుతో ఇంటర్ 40 శాతం మార్కులతో పాసైనవాళ్లకూ అర్హత ఉంది. తర్వాత కావాలంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు. డిగ్రీ తర్వాత డిప్లొమా ఏంటని చిన్నబుచ్చుకోవద్దు. రాష్ట్ర నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు జీఎన్ఎం కూడా సరిపోతుంది. రెండు కోర్సుల్లోనూ చేరడానికి గరిష్ఠ వయసు 35.

చేరే వయసు కాదు, బయటికొచ్చే వయసు

చాలామంది 'ఇప్పుడు నాకు 26, ఇంకా టైముంది' అనుకుంటారు. లెక్క అక్కడ మొదలుపెట్టకండి, చివరి నుంచి వేయండి. 26లో జీఎన్ఎంలో చేరితే 29కి బయటికొస్తారు. బయాలజీకి ఏడాది ఇచ్చి బీఎస్సీ చేస్తే 31.

ఇప్పుడు తలుపులు చూద్దాం. ఎయిమ్స్ ఉద్యోగాలకు నార్‌సెట్ రాయాలి. బీబీనగర్ ఎయిమ్స్‌కు కూడా ఇదే దారి. అక్కడ మూలవేతనం రూ.44,900. కానీ గరిష్ఠ వయసు 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. పైగా జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. అంటే 29కి కోర్సు ముగిసినా పరీక్షకు అర్హత 31కి గానీ రాదు. జనరల్ కేటగిరీలో ఉంటే ఈ తలుపు మీరు చేరిన రోజే మూసుకుపోయినట్టు. అబ్బాయిలు ఇంకోటి గమనించాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకే.

రాష్ట్రంలో పరిస్థితి వేరు. 2024 ప్రకటనలో గరిష్ఠ వయసు 46. రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద చేసిన సేవకు 20. కాబట్టి ఎయిమ్స్ కోసమే దిగుతుంటే ఆలస్యమైంది. రాష్ట్ర ఉద్యోగమో, ప్రైవేటో, విదేశమో అయితే టైముంది.

విదేశం అంటే మన జిల్లాలకు గల్ఫ్ గుర్తొస్తుంది, ఏజెంటుకు కట్టిన అప్పూ గుర్తొస్తుంది. నర్సుల కోసం ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ వైపు భాషా శిక్షణ ఇస్తోంది. ముందు అక్కడ అడగండి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి భాష రావాలి. ఆ నెలలూ మీ లెక్కలో కలపండి.

రెండోసారి ఫీజు ఎవరు కడతారు?

బీటెక్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది కదా, దీనికీ వస్తుందనుకోవద్దు. ఒక వృత్తివిద్యా కోర్సు పూర్తిచేసి మరో వృత్తివిద్యా కోర్సులో చేరినవాళ్లకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలు ఒప్పుకోవు. ఫీజు, హాస్టల్, ఈ మూడేళ్లలో ఇంటికి పంపలేని జీతం, మూడూ రాయండి. ఇంట్లో బీడీలు చుట్టిన డబ్బుతో మీ బీటెక్ గడిచి ఉంటే, ఈ అంకె చూపించాకే అమ్మను ఒప్పించండి. మొదట్లో ప్రైవేటు ఆసుపత్రి జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ కన్నా తక్కువ ఉండొచ్చని కూడా ముందే చెప్పండి.

వార్డు చూశాకే అప్లికేషన్

నాలాగా కంప్యూటర్ ముందు బతికేవాళ్లకు ఇక్కడ కొంత కలిసొస్తుంది. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్ మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? సుమారు 42. ఈ లెక్క, మానిటర్లు, రికార్డు తప్పుల్లేకుండా రాయడం మీకు కష్టం కాదు. కష్టం వేరే చోట ఉంటుంది. మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పాలి, మలమూత్రాలు శుభ్రం చేయాలి. నైట్ డ్యూటీలో పేషెంటు చనిపోతే వాళ్ల ఇంటివాళ్ల ముందు నిలబడాలి. కోడ్ తప్పయితే మళ్లీ రన్ చేస్తాం. డోసు తప్పయితే వెనక్కి తీసుకోలేం.

అందుకే బంధువులెవరైనా ఆసుపత్రిలో చేరితే మూడు రాత్రులు మీరే అటెండెంటుగా ఉండండి. డ్యూటీ దిగిన నర్సును అడగండి: 'అక్కా, మళ్లీ మొదటి నుంచి అయితే ఇదే చదువుతవా?' ఆ రాత్రుల తర్వాత ఆసుపత్రి నచ్చి వార్డు నచ్చకపోతే, రికార్డులు, బిల్లింగ్, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ల పని ఉంది. దానికి ఉన్న బీటెక్కే చాలు.

వార్డు కూడా నచ్చితే, కాలేజీ ఎంపికలో బిల్డింగ్ చూడకండి, ఆసుపత్రి చూడండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. అందులో నిజంగా పేషెంట్లున్నారో లేదో ఓపీ టైములో స్వయంగా వెళ్లి చూసి రండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లేకపోతే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఉద్యోగం రాదు.

కాగితం మీద ఇప్పుడు మూడు అంకెలుండాలి: బయటికొచ్చే వయసు, మొత్తం ఖర్చు, ఆ వయసుకు తెరిచి ఉండే తలుపులు. మూడూ సరిపోయి, వార్డులో మూడు రాత్రులూ గడిచాయా? ఇక ఆలస్యం చేయకండి. ఆగిన ప్రతి ఏడాదీ మొదటి అంకెను ఒకటి పెంచుతుంది.