తుపాకులకు సరైన కందెన: లైసెన్సుదారులు, ఠాణా సిబ్బంది గమనించవలసిన అంశాలు

నల్లగొండ/మహబూబ్‌నగర్: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పంట రక్షణకు, ఆత్మరక్షణకు, బ్యాంకుల కాపలాకు లైసెన్సు పొందిన తుపాకులు వినియోగంలో ఉన్నవి. ఎన్నికల వేళ స్క్రీనింగ్ కమిటీ నిర్ణయం మేరకు వీటిని డిపాజిట్ చేయించడం ఆనవాయితీ. వారాల తరబడి కదలిక లేక తుప్పు పట్టిన, పాత నూనె గడ్డకట్టిన ఆయుధం తిరిగి చేతికి వచ్చిన నాడు యజమానికే ముప్పు కాగలదు. ఈ దృష్ట్యా కందెన ఎంపికపై పాత్రికేయులు, అధికారుల అవగాహన కొరకు ఈ వివరాలు అందించడమైనది.

వాతావరణ ప్రభావం

ఈ మెట్ట ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పలుచని నూనె ఆ వేడికి జారిపోతుంది, ఆవిరవుతుంది. చెల్క నేలల సన్నని దుమ్ము చిక్కని గ్రీజుకు అంటుకొని ఆకురాయి వలె లోహాన్ని అరగదీస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాకాలపు తేమ తుప్పునకు దారి తీస్తుంది. కావున ఘర్షణను తగ్గించడం, తుప్పును ఆపడం, గడ్డకట్టకుండుట అను మూడు గుణాలూ కందెనకు ఉండవలెను. తుపాకుల కోసమే తయారైన ఖనిజ లేదా సింథటిక్ నూనె ఇందుకు తగినది. శుద్ధి, కందెన, రక్షణ మూడింటికీ పనికివచ్చే ‘సీఎల్‌పీ’ రకం నూనెలు కూడా లభిస్తున్నవి.

వాడరానివి

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దనే పేరుకొంటుంది. చలికాలపు ఉదయాన ట్రిగ్గరు కదలికకు అడ్డు కాగలదు. వంటనూనెలు గాలి తగిలి జిగురుగా మారుతాయి. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి; అది చర్మానికి సైతం హానికరం. కిరోసిన్ మురికిని వదిలిస్తుందే గాని రక్షణ పొరను నిలుపదు. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు ప్రధానంగా తేమను తొలగించుటకు ఉద్దేశించినవి. దీర్ఘకాల కందెనకు ప్రత్యామ్నాయం కావు.

మోతాదు ముఖ్యం

రాపిడి గల భాగాలకు పలుచని పొర చాలును. నిల్వ కొరకు బారెల్ లోపల పూసిన నూనెను కాల్చుటకు ముందు పొడి గుడ్డతో పూర్తిగా తుడవవలెను. మిగిలిన నూనె వల్ల పీడనం ప్రమాదకరంగా పెరుగవచ్చును. ఫైరింగ్ పిన్ మార్గంలో నూనె నిలువరాదు. తూటాలకు నూనె అసలే తగలరాదు. అది ప్రైమరులోనికి ఇంకినచో తూటా పేలకపోవచ్చును, ఆలస్యంగానైనా పేలవచ్చును. తూటా పేలనప్పుడు గొట్టాన్ని సురక్షిత దిశలోనే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగిన పిదపనే తెరవవలెను.

మూతి నుండి మందు కూరే పాత తుపాకులలో నల్లని తుపాకీ మందు మిగిల్చే లవణాలు తేమను పీల్చుకొంటాయి. నూనె వాటిని కరిగించదు. ముందుగా సబ్బు కలిపిన వేడినీటితో కడిగి, బాగుగా ఆరబెట్టి, అనంతరమే నూనె పూయవలెను.

భద్రత, చట్టం

శుభ్రపరచుటకు ముందు మ్యాగజీన్ తీసి, ఛాంబరు ఖాళీగా ఉన్నదని కంటితోను, వేలితోను నిర్ధారించుకోవలెను. తూటాలను వేరొక చోట ఉంచవలెను. సీసపు అవశేషాల దృష్ట్యా గాలి వచ్చే చోట, చేతి తొడుగులతో పని చేసి, ముగిసిన వెంటనే చేతులు కడుగుకోవలెను. పెట్రోలు వాడరాదు. పిల్లలను దూరంగా ఉంచవలెను.

నూనె వేయడం, తుడవడం లైసెన్సుదారు చేసుకోదగిన పనులే. అయితే ఆయుధ చట్టం–1959లోని 5వ సెక్షను ప్రకారం ఆయుధాల మరమ్మతు వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. కావున మరమ్మతును లైసెన్సు గల వారిచేతనే చేయించవలెను.

డిపాజిట్ చేయు ముందు ఆయుధాన్ని శుభ్రపరచి, పలుచగా నూనె పూసి, దాని స్థితిని రసీదులో నమోదు చేయించుకొనుట ఉభయులకూ శ్రేయస్కరం. ఈ సూచనలకు తగిన ప్రచారం కల్పించవలసిందిగా పాత్రికేయులను కోరడమైనది.