తాతగారి పటం ఎర్రబారుతోందా? లోపం సిరాలోనే!

పల్లెల్లో చాలా ఇళ్ళలో గతించిన పెద్దలకు మిగిలింది ఒకే ఒక్క నలుపు తెలుపు ఫోటో. అదీ చెమ్మ తగిలి, అంచులు చిరిగి ఉంటుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే వేళ ఆ ఫోటోయే దిక్కు. అందుకే దానిని పట్నం తీసుకువెళ్ళి, స్టూడియోలో కొత్త ప్రింటు వేయించి పటం కట్టిస్తున్నారు. తీరా కొన్నాళ్ళకు తాతగారి పంచె గులాబీ రంగుకో, నాయనమ్మ ముఖం ఆకుపచ్చకో తిరుగుతోంది. ఎందుకిలా?

పూర్వం ఫోటోలను చీకటి గదిలో కడిగేవారు. కాగితంమీద నిలిచేది వెండి. నేటి ఇంక్‌జెట్ ప్రింటరు సిరా చుక్కలు చల్లుతుంది. స్టూడియోల్లో కనిపించే ఎప్సన్ ఎల్ 805 వంటి యంత్రాలలో ఆరు సిరాలుంటాయి: నలుపు, పసుపు, నీలం, లేత నీలం, గులాబి, లేత గులాబి. బూడిద రంగు సిరా లేదు. కనుక ముఖంలోని లేత నీడలను రంగులు కలిపి పుట్టించాలి. పాళ్ళు ఏ కొంచెం తప్పినా రంగు బయటపడుతుంది. పైగా వెలుతురుకు రంగులన్నీ ఒకే తీరున వెలియవు. ఒకటి ముందు వెలిస్తే మిగిలినది పైకి తేలుతుంది.

దీనికి మార్గాలు మూడు.

ఒకటి: నల్ల సిరా ఒక్కదానితోనే ప్రింటు వేయడం. రంగు బెడద ఉండదు. కాని లేత నీడల చోట చుక్కలు కనిపిస్తాయి. ఎత్తున తగిలించే పెద్ద పటానికి పరవాలేదు గాని, చేత పట్టుకు చూసే చిన్న ఫోటోకు బాగుండదు.

రెండు: బూడిద సిరాలు కూడా ఉన్న ప్రింటరు. 2005లో ఎప్సన్ కంపెనీ నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు సిరాలున్న యంత్రాలను తెచ్చింది. వీటిలో రంగుల అవసరం తగ్గి, నీడలు నునుపుగా వస్తాయి. మామూలు స్టూడియోకు ఇదే అనువైనది.

మూడు: రంగు సిరాలు తీసివేసి, అన్నిటా నలుపు, బూడిద సిరాలే నింపడం. అమెరికాలో జాన్ కోన్ ఈ పద్ధతిని 'పీజోగ్రఫీ' పేరిట వాడుకలోకి తెచ్చారు. ప్రింటు చాలా బాగుంటుంది. అయితే ఆ యంత్రం ఇక రంగు ఫోటోలకు పనికిరాదు. పెళ్ళి ఫోటోలపై బతికే చిన్న స్టూడియోకు ఇది గిట్టదు.

సిరాలో రెండు రకాలు. డై సిరా నీటిలో కరిగిన రంగు. చౌక, మెరుపు ఎక్కువ, కాని త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ సిరాలో ఉండేది మెత్తని పొడి. ఎక్కువ కాలం నిలుస్తుంది. నల్ల పిగ్మెంట్‌కు మూలం మసి. గంటంతో రాసిన తాటాకులకు మన పూర్వులు రుద్దినదీ మసే. అయితే పిగ్మెంట్ యంత్రాన్ని వాడకుండా ఉంచితే సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి.

స్టూడియోకు వెళ్ళేవారు బూడిద సిరా ఉందా, సిరా డైయా పిగ్మెంటా అని ముందే అడగాలి. ప్రింటును ట్యూబులైటు కిందే కాక, ఆరుబయట పగటి వెలుతురులోనూ చూడాలి. అద్దం వేసి పటం కట్టించి, ఎండ, పొయ్యి పొగ తగలని గోడకు తగిలించాలి. అసలు ఫోటోను మరవకుండా వెనక్కి తెచ్చుకుని, కాగితపు కవరులో చెమ్మ లేనిచోట దాచాలి. ప్రింటు వెలిస్తే మరొకటి వేయించవచ్చు. అసలు ఫోటో పోతే ఆ ముఖం మళ్ళీ దొరకదు.